అమృతం (ధారావాహిక)

అమృతం జెమిని టీవీలో 2001 నవంబరు 18 నుండి 2007 నవంబరు 18 వరకు, ప్రతి ఆదివారం ప్రసారమైన తెలుగు హాస్య ధారావాహిక. మొత్తం 313 భాగాలు. దీనిని గుణ్ణం గంగరాజు తన జస్ట్ ఎల్లో సంస్థ ద్వారా నిర్మించాడు. అద్దె ఇళ్ళలో కాపురముంటూ, చిన్న వ్యాపారంతో బ్రతుకు నెట్టుకొచ్చే నగర మధ్యతరగతి జీవితం ఇందులోని హాస్యానికి మూలం.

నేపథ్యం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. 1995లో జెమిని, ఈటీవీ వంటి ప్రైవేటు ఛానెళ్ళు వచ్చిన తరువాత రోజువారీ ధారావాహికలకు ఆదరణ పెరిగింది. వీటిలో చాలావరకు ఒకే కుటుంబ కథ నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి సాగుతుంది. అమృతం ఇందుకు భిన్నంగా వారానికొకసారి వచ్చేది. చాలా భాగాలు దేనికదే పూర్తి కథ కావడం వలన మధ్యలో ఏ వారం చూసినా అర్థమయ్యేది.

కథ, పాత్రలు

అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు, ఇరుగుపొరుగువారు. ఉద్యోగాలు మాని "అమృత విలాస్" అనే హోటలు నడుపుతుంటారు. త్వరగా ధనవంతులు కావాలని అమృతరావు వేసే ప్రతి ఎత్తు బెడిసికొడుతుంది. ఆ చిక్కులోకి ఆంజనేయులును కూడా లాగుతాడు. వారి భార్యలు సంజీవని, శాంత. ఇంటి యజమాని అప్పాజీ, హోటలులో పనిచేసే సర్వం మిగిలిన ముఖ్య పాత్రలు.

అమృతరావు పాత్రను వేర్వేరు కాలాలలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ పోషించారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి నటించారు. ముఖ్య నటుడు మారినప్పటికీ ధారావాహిక ఆగలేదు. తొలి భాగాలకు చంద్రశేఖర్ యేలేటి, తరువాతి భాగాలలో అనేకానికి ఎస్.ఎస్.కాంచి దర్శకత్వం వహించారు. శీర్షిక గీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించగా కళ్యాణి మాలిక్ స్వరపరచాడు.

హాస్య విధానం

కొద్దిమంది స్థిరమైన పాత్రలు, ఒకటి రెండు స్థలాలు, వారానికొక కొత్త చిక్కు - ఇవి సిట్‌కామ్ ప్రక్రియకు ముఖ్య లక్షణాలు. బ్రిటన్‌లో బీబీసీ 1975, 1979లలో ప్రసారం చేసిన "ఫాల్టీ టవర్స్" కూడా ఒక హోటలు చుట్టూ అల్లినదే. అయితే అది 12 భాగాలతోనే ముగిసింది. దానిలో నవ్వు హోటలు యజమాని కోపం నుండి, పరువు కోసం పడే పాట్ల నుండి పుడుతుంది. అమృతంలో అది అత్యాశ నుండి పుడుతుంది. ఎన్ని నష్టాలు వచ్చినా భాగం చివరకు హోటలూ, స్నేహమూ నిలుస్తాయి. లాభం మాత్రం మిగలదు. మళ్ళీ వారం అమృతరావు కొత్త ఆశతో మొదలుపెడతాడు. ఓటమిని జాలిగా కాక నవ్వుగా చూపినందువలన, ఇటువంటి ఇబ్బందులు ఎరిగిన ప్రేక్షకులు ఈ పాత్రలను తమవారిగా భావించారు.

తరువాతి కాలం

ఇవే పాత్రలతో గంగరాజు దర్శకత్వంలో "చందమామలో అమృతం" చిత్రం 2014లో విడుదలైంది. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న మరణించాడు. 2020 ఉగాదికి జీ5లో "అమృతం ద్వితీయం" మొదలైనపుడు ఆంజనేయులు పాత్రను ఎల్.బి.శ్రీరామ్ ధరించాడు. పాత భాగాలు యూట్యూబు ద్వారా, ధారావాహిక ప్రసారమైన రోజులకు తరువాత పుట్టిన తరానికి కూడా చేరాయి.