డిజిటల్ కెమెరాపై పాత ఫ్లాష్

ఫిల్మ్ కెమెరాల కాలంలో ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కూ దాన్ని మోసే కెమెరాకూ మధ్య ఉన్న సంబంధం చాలావరకు చిన్నది. షట్టర్ పూర్తిగా తెరుచుకున్న క్షణాన కెమెరా లోపలి రెండు లోహపు రేకులు ఒకదాన్నొకటి తాకి, ఫ్లాష్‌లోని ఒక సర్క్యూట్‌ను కలిపేవి, ఫ్లాష్ వెలిగేది. అంతకుమించి సాధారణంగా కెమెరా ఫ్లాష్‌కు చెప్పేది గాని, దాని నుంచి తెలుసుకునేది గాని ఉండేది కాదు. అటకమీద పడి ఉన్న పాత ఫ్లాష్‌ను నేటి డిజిటల్ కెమెరాకు తగిలించినప్పుడు ఎదురయ్యే ప్రమాదమూ, దక్కే ప్రయోజనమూ రెండూ ఈ చిన్న సంబంధం నుంచే పుడతాయి.

1930ల ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ చేసిన ప్రయోగాలతో రూపుదిద్దుకున్న ఈ సాధనంలోని మూలసూత్రం ఇప్పటికీ మారలేదు. జెనాన్ వాయువు నింపిన గాజు గొట్టం ఒకటి, విద్యుత్తును నిల్వచేసే పెద్ద కెపాసిటర్ ఒకటి ఇందులో ప్రధాన భాగాలు. నాలుగు చిన్న సెల్స్ ఇచ్చే ఆరు వోల్టులను లోపలి సర్క్యూట్ మూడు వందలకు పైగా పెంచి కెపాసిటర్‌ను నింపుతుంది. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 330 వోల్టుల వద్ద దాచుకునే శక్తి సుమారు 54 జౌళ్ళే అయినా, అది సెకనులో వెయ్యోవంతు కాలంలో ఖర్చయిపోతుంది కనుక ఆ క్షణానికి సగటు విద్యుత్ సామర్థ్యం 50 కిలోవాట్లు దాటుతుంది. అయితే జెనాన్ వాయువు మామూలు స్థితిలో విద్యుత్తును పోనివ్వదు. దానికి దారి తెరవడానికి మరో చిన్న కెపాసిటర్‌లోని విద్యుత్తును ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, కొన్ని వేల వోల్టుల పోటును గొట్టం చుట్టూ ఉన్న తీగకు అందించాలి. ఆ పోటుకు వాయువు అయనీకరణం చెంది, పెద్ద కెపాసిటర్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా వెలుగై బయటపడుతుంది.

పాత ఫ్లాష్‌లలో చాలావాటికి ఈ చిన్న కెపాసిటర్ సర్క్యూట్‌ను కలిపే మీట కెమెరాయే. అంటే ఫ్లాష్ అడుగున ఉన్న మధ్య కాంటాక్టుకూ, కెమెరా పైనున్న హాట్ షూ అనే గాడిలోకి దూరే అంచు లోహానికీ నడుమ ఆ సర్క్యూట్ వోల్టేజి ఎల్లవేళలా నిలిచి ఉంటుంది. దీన్నే ట్రిగ్గర్ వోల్టేజి అంటారు. లోహపు రేకులకు రెండు వందల వోల్టులు ఒక లెక్కలోవి కావు. డిజిటల్ కెమెరాల్లో మాత్రం రేకుల పని చేసేది సెమీకండక్టర్ మీట. తన పరిమితికి మించిన వోల్టేజి పడితే అది కాలిపోతుంది, లేదా శాశ్వతంగా కలిసిపోయి, తగిలించగానే ఫ్లాష్ దానంతటదే వెలిగే పరిస్థితి వస్తుంది. ఒకటి రెండుసార్లు ఏమీ కాలేదు కనుక ఇక భయం లేదనుకోవడం తప్పు, ఎందుకంటే సెమీకండక్టర్ చెడిపోవడం తొలి దెబ్బకే జరగాలని నియమమేమీ లేదు.

ట్రిగ్గర్ వోల్టేజి అన్ని ఫ్లాష్‌లలో ఒకే తీరుగా ఉండదు. 1970లలో ప్రపంచమంతటా అమ్ముడుపోయిన వివిటార్ 283 ఫ్లాష్ ఇందుకు మంచి ఉదాహరణ. జపాన్‌లో తయారైన తొలినాటి 283లలో ట్రిగ్గర్ వోల్టేజి 200 దాటేది. అదే పేరుతో, దాదాపు అదే రూపంతో తరవాత వచ్చినవాటిలో పది వోల్టులకు లోపే ఉంటుంది. కాబట్టి పేరు చూసి తీర్పు చెప్పడానికి వీల్లేదు, చేతిలో ఉన్న ఫ్లాష్‌నే కొలిచి చూడాలి. మరోవైపు కెమెరాల ఓర్పు కూడా ఒకే తీరుగా లేదు. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 10330 ఈ వోల్టేజికి 24 వోల్టులను హద్దుగా పెట్టింది. నికాన్ డిజిటల్ కెమెరాల పుస్తకాల్లో 250 వోల్టులను మించవద్దన్న హెచ్చరిక కనిపిస్తుంది. కానన్ సంస్థ తన కెమెరాల్లో కొన్నింటికి ఆరు వోల్టులే క్షేమమని చెప్పిన కాలమూ ఉంది. కెమెరా పుస్తకం ఏ అంకెనూ చెప్పనప్పుడు ఆరు వోల్టులనే హద్దుగా పాటించడం వివేకం.

కొలవడం కష్టమైన పనేమీ కాదు. ఫ్లాష్‌లో కొత్త సెల్స్ వేసి, సిద్ధంగా ఉన్నట్టు తెలిపే దీపం వెలిగాక మరికొంతసేపు ఆగి, డిజిటల్ మల్టీమీటర్‌ను డి.సి. వోల్టులకు పెట్టి, ఎర్ర తీగను మధ్య కాంటాక్టుకూ నల్ల తీగను అంచు లోహానికీ ఆనించాలి. ఇక్కడ ముల్లు తిరిగే చౌక మీటరును నమ్మరాదు. ట్రిగ్గర్ సర్క్యూట్‌లో పెద్ద నిరోధకాలు ఉంటాయి కనుక, తన గుండా ఎక్కువ విద్యుత్తు లాక్కునే మీటరు వోల్టేజిని కిందికి దించేసి, ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపుతుంది. ఎరుపు, నలుపు తీగలు సరిగా ఉన్నప్పటికీ అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ఆ ఫ్లాష్ ధ్రువాలు తలకిందులుగా ఉన్నట్టు. దాన్ని నేరుగా తగిలించకూడదు. ఫ్లాష్‌ను విప్పి చూడాలన్న ఉబలాటం మాత్రం పనికిరాదు, సెల్స్ తీసేసిన చాలాసేపటికి కూడా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాపాయం కలిగించేంత విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. వోల్టేజి ఎక్కువగా ఉన్న ఫ్లాష్‌ను వాడాలంటే, ఆ వోల్టేజి కెమెరాకు చేరకుండా అడ్డుకునే సేఫ్ సింక్ వంటి అడాప్టర్‌ను మధ్యలో పెట్టాలి, లేదా రేడియో ట్రిగ్గర్ వాడాలి. రేడియో పద్ధతిలో కెమెరా క్షేమమే గాని, ఆ భారం ఫ్లాష్‌కు తగిలించిన రిసీవర్‌పై పడుతుంది కనుక దాని హద్దునూ చూసుకోక తప్పదు.

ఇక వెలుగు లెక్క. 1975లో వచ్చిన ఒలింపస్ ఓ.ఎం.-2 వంటి ఫిల్మ్ కెమెరాలు లెన్సు గుండా వచ్చి ఫిల్మ్ మీద పడి వెనుదిరిగిన కాంతిని కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టాయి. డిజిటల్ సెన్సర్‌పై ఉండే గాజు ఫిల్మ్‌లాగా కాంతిని చెదరగొట్టదు కాబట్టి, నేటి కెమెరాలు ఫోటోకు ముందు ఒక చిన్న మెరుపును పంపి, తిరిగొచ్చిన కాంతితో లెక్క కడతాయి. ఈ సంభాషణలో పాత ఫ్లాష్‌కు చోటు లేదు. అయితే దానికి సొంత కన్ను ఉంది. 283 ముందుభాగంలోని సెన్సర్ ఎదుటి వస్తువు నుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచి, చాలినంత అందగానే వెలుగును ఆపేస్తుంది; ఇది కెమెరా సాయం ఏమాత్రం లేకుండానే జరుగుతుంది. కెమెరా కాంతి సున్నితత్వాన్ని ఐ.ఎస్.ఓ. 100 వద్ద ఉంచి, ఫ్లాష్ డయల్‌ను పసుపుకు తిప్పితే కెమెరాలో అపెర్చర్ ఎఫ్/2.8, ఎరుపుకు ఎఫ్/4, నీలానికి ఎఫ్/8, ఊదాకు ఎఫ్/11 పెట్టుకోవాలి. పసుపులో సుమారు 13 మీటర్ల వరకు, ఊదాలో మూడు మీటర్లకు కాస్త పైవరకు వెలుగు అందుతుంది. సెన్సర్‌ను వాడకుండా పూర్తి బలంతో వెలిగించేటప్పుడు గైడ్ నంబర్‌ను, అనగా దూరాన్ని అపెర్చర్ అంకెతో గుణిస్తే వచ్చే స్థిరసంఖ్యను, లెక్కకు తీసుకోవాలి. 283కు అది మీటర్లలో 36 కనుక, నాలుగున్నర మీటర్ల దూరానికి ఎఫ్/8 సరిపోతుంది. ఫిల్మ్ కడిగించేదాకా ఫలితం తెలియని రోజుల్లో భయపెట్టిన ఈ గుణకారం, వెనక తెరమీద ఫోటో వెంటనే కనిపించే కెమెరాతో ఆటలా మారింది.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, షట్టర్ వేగం సెకనులో 1/200 లేదా 1/160 దాటకుండా చూసుకోవాలి. షట్టర్‌లోని మొదటి తెర పూర్తిగా తొలగి, రెండోది బయలుదేరకముందు ఉండే వ్యవధిలోనే ఫ్లాష్ వెలగాలి. అంతకన్నా వేగం పెంచితే రెండో తెర అప్పటికే కదిలి ఉంటుంది కనుక ఫోటో అడుగున నల్లటి పట్టీ పడుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో నిశ్శబ్ద షట్టర్ ఎంచుకుంటే ఫ్లాష్ సాధారణంగా వెలగదు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఫ్లాష్ వెలగకపోతే, లోపం దానిది కాకపోవచ్చు. భారతదేశంలో కొత్తగా నేర్చుకునేవారి కోసం వచ్చిన కానన్ 1500డి, 3000డి, 200డి రెండో తరం కెమెరాల హాట్ షూలో మధ్య కాంటాక్టునే సంస్థ తీసేసింది. ఆ లోహపు చుక్క లేకపోవడంతో ఇతర సంస్థల సాదా ఫ్లాష్‌లకూ, మామూలు రేడియో ట్రిగ్గర్లకూ దారి మూసుకుపోయింది. మిగిలిన ఒక మార్గం ఆప్టికల్ స్లేవ్, అంటే మరో ఫ్లాష్ వెలుగును చూసి తన ఫ్లాష్‌ను వెలిగించే చిన్న పరికరం. కాని అది కెమెరా సొంత ఫ్లాష్ ఇచ్చే తొలి మెరుపుకే స్పందించడంతో, అసలు ఫోటో సమయానికి పాత ఫ్లాష్ ఖాళీ అయిపోతుంది. దీన్ని తప్పించడానికి 1500డిలో నక్షత్రం గుర్తున్న బటన్‌ను ముందుగా నొక్కి తొలి మెరుపును అప్పుడే ఖర్చుచేయించి, పాత ఫ్లాష్ మళ్ళీ నిండి దాని దీపం వెలిగాక, కెమెరా ఆ లెక్కను మరిచిపోయేలోగా షట్టర్ నొక్కాలి.