నందిగామలో గామ, జగ్గయ్యపేటలో పేట

విజయవాడలో హైదరాబాదు బస్సెక్కితే ముందు నందిగామ, కాసేపటికి జగ్గయ్యపేట అడ్డరోడ్డు వస్తాయి. రెండూ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు ఊళ్లే. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. పల్లెలు పట్టణాలయ్యాయి, జిల్లా మారింది, పేరు చివరి తోకలు మాత్రం కదల్లేదు. ఒకదానికి గామ, ఇంకోదానికి పేట. ఊరు ఇవాళ ఎంత పెద్దదో ఈ తోకలు చెప్పవు. పేరు పెట్టిన నాటి జనం ఏ భాష పలికారో, ఏం చేసి బతికారో మాత్రం కొంత చెబుతాయి.

గామ అంటే గ్రామమే. అయితే వేదకాలంలో గ్రామం అంటే ఇళ్ల వరస కాదు, పశువుల్ని తోలుకుని బండ్ల మీద సాగిపోయే మనుషుల గుంపు. శతపథ బ్రాహ్మణంలో శర్యాతుడు తన గ్రామంతో కలిసి తిరుగుతుంటాడు. ఊరైతే వెంట ఎలా తిప్పుకుంటాడు? అలాంటి గుంపులు ఎదురుబొదురైతే సంగ్రామం. సంగీతశాస్త్రంలో షడ్జగ్రామం అన్నప్పుడూ గుంపు అనే పాత అర్థమే, కాకపోతే అది స్వరాల గుంపు. జనం ఒకచోట దిగి సేద్యంలో పడ్డాక గుంపు పేరు చోటుకు అంటుకుంది.

ప్రాకృతంలో మాట మొదట జంట హల్లు నిలవదు. రేఫ జారిపోయి గ్రామం గామ అయింది. అదే హిందీలో గాఁవ్, మరాఠీలో గావ్, సింహళంలో గమ. శ్రీలంకలోని కతరగమ పుణ్యక్షేత్రం పేరులో ఉన్నది ఇదే.

ఈ మాటకు రాతి సాక్ష్యం మాత్రం నందిగామలో కాదు, జగ్గయ్యపేటలో దొరికింది. ఇక్కడి ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. స్తూపం వాకిట నిలిపిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం ఉంది. అంటే క్రీ.శ. మూడో శతాబ్దం. సిద్ధత్థుడనే శిల్పి వెలగిరి గామంలోని మహాచైత్యానికి తూర్పు వాకిట అయిదు స్తంభాలు ఇచ్చాడని దాని సారాంశం. తండ్రి ఊరు చెప్పేచోట ‘గామే నడతూరే’ అని ఉంది. ముందు ప్రాకృత గామ, వెనక ద్రావిడ ఊరు! రాసే భాష ఒకటి, ఊళ్లో జనం పలికే భాష మరొకటి అని ఆ రెండు మాటల్లోనే తేలిపోతోంది. శాసనంలో నాకు రాజు పేరు కన్నా విలువైనది ఇదే.

అంతమాత్రాన గామ అని ఉన్న ప్రతి ఊరూ ఇక్ష్వాకుల నాటిదని పొంగిపోనక్కర్లేదు. రేఫ జారడం తెలుగు నోటికీ అలవాటే. గ్రహచారాన్ని గాచారం చేసుకున్నాం. తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లేవాళ్లు పెనుగంచిప్రోలుని పెనుగంచిపోలు అనేస్తారు. తోక చూసి భాష పోల్చుకోవచ్చు గాని తేదీ వేయలేం. అన్నట్టు, దగ్గర్లోని చందర్లపాడు, వీరులపాడు పేర్లు విని నవ్వేవాళ్లకో మాట: ఆ పాడు పాడుబడ్డది కాదు, జనం నివసించే చోటు. తమిళ ‘పాడి’కి చుట్టం.

పేట కథ వేరు. అక్కడ కట్టించినవాడి పేరూ తెలుసు. బేతవోలు అనే పాత ఊరి దగ్గర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. వోలు అన్నది ప్రోలుకు మారు రూపం, అర్థం పట్టణం. అంటే పేరుకు పట్టణమైన పల్లె వెనకబడి, పేట ముందుకొచ్చింది. నరసరావుపేట కూడా ఇలా జమీందారు పేరు మోసేదే. కోటలోనో గడిలోనో దొర ఉంటే, దాని బయట కోమట్లు, సాలెలు, కంసాలులు వీధులు తీర్చి బేరాలు సాగించే చోటు పేట. సంతకు వచ్చే సరుకు మీద సుంకం వస్తుంది కాబట్టి పేట కట్టించడం దొరకు లాభసాటి పనే.

కన్నడంలో పేటె, తమిళంలో పేట్టై. బెంగళూరు చిక్కపేటె అలా కోట పక్కన పెరిగిన బజారే. కొలంబోలో జనం కిటకిటలాడే బజారు పేరు పెట్టా. ఇంగ్లీషువాళ్లు తమిళ పేట్టైని అలా పలికారు. ఆ బజారునే సింహళీయులు పిటకొటువ అంటారు, తమిళులు పుఱక్కోట్టై అంటారు. రెండింటి అర్థమూ ‘కోట బయట’ అనే.