దేహమునందలి దిక్కులు



పల్లెటూరి బడిపంతులునకు పాఠములతోడనే పని తీరదు. ఇరుగుపొరుగువారి జాబులు వ్రాయుటయు నాతని పనియే. కొన్నియేండ్ల క్రిందట మా ప్రక్కయింటి రైతొకడు గజ్జలో వాపుతో బాధపడుచు, పట్టణపు వైద్యునకు జూపుటకై నాచేత చీటి వ్రాయించుకొనెను. ఆతడు నా యెదుట నిలిచి చోటు చూపెను. అది నా కుడిచేతివైపున నుండుటచే "కుడిగజ్జ" యని వ్రాసితిని. వైద్యుడు రోగిని బరీక్షించి, "పంతులుగారు తమ కుడిని వ్రాసిరి గాని నీ కుడిని వ్రాయలేదు" అని నవ్వెనట. వాపు ఎడమగజ్జయందున్నది. కంటికి గనబడునది గనుక తప్పు తెలిసినది. లోపల దాగిన మూత్రపిండమే యైనచో నేమగునోయని నేటికిని నా మనస్సు కలుక్కుమనును.

ఈ చిక్కు తీర్చుటకై శరీరశాస్త్రజ్ఞులు దేహమునకొక నిలుకడ నేర్పరచిరి. మనుష్యుడు నిటారుగా నిలిచి, ముఖము ముందున కుంచి, చేతులు ప్రక్కల వ్రేలవిడిచి, అరచేతులు ముందునకు ద్రిప్పియుండవలెను. రోగి పండుకొన్నను, కూర్చున్నను దిక్కులను ఈ నిలుకడనుబట్టియే చెప్పవలెను.

ఈ పద్ధతి మనకు క్రొత్తగాదు. సంస్కృతమున దక్షిణశబ్దమునకు కుడియనియు, దక్షిణదిక్కనియు రెండర్థములు గలవు. తూర్పుమొగముగా నిలిచినవానికి కుడివైపు దక్షిణమే గదా! నది సంగతియు నట్లే. ఏ యొడ్డున నిలిచినను, నీరు పాఱు దిక్కునకు మొగముపెట్టినట్లే కుడియెడమలు చెప్పుదుము. కావుననే నాగార్జునసాగరమున గుంటూరుసీమకు బోవునది కుడికాలువ, నల్లగొండ ఖమ్మముల వైపునకు బోవునది ఎడమకాలువ. నదికి ప్రవాహమెట్లో దేహమునకు ముఖమట్లు.

ఇక పైన యనగా తలవైపు, క్రింద యనగా పాదములవైపు. వెల్లకిల పండుకొన్నవాని రొమ్ము ఆకాశమును జూచుచున్నను అది పైభాగము గాదు, ముందుభాగమే. నడినెత్తినుండి ముక్కు, బొడ్డుల మీదుగా నొక గీత నూహింపుడు. దానికి దగ్గరది మధ్యవైపు, దూరమైనది ప్రక్కవైపు. అరచేయి ముందునకున్నపుడు బొటనవ్రేలు ప్రక్కవైపున నుండును. వెనుకకు ద్రిప్పినచో తొడవైపునకు వచ్చును. అరచేతి కొక నియమము పెట్టుట ఇందులకే. చేయి యెత్తినపుడు మణికట్టు మోచేతికి పైనను, దించినపుడు క్రిందను ఉండును. కావున కాలుసేతులకు, చెట్టుకొమ్మకువలె, మొదలు కొసలు చెప్పుట మేలు. మణికట్టు ఎప్పుడును మోచేతికంటె కొసవైపుననే యుండును.

కాలేయము కుడి ప్రక్కటెముకల చాటున, ప్లీహము ఎడమ ప్రక్కటెముకల చాటున నుండును. అయినను పుస్తకములోని పటమున కాలేయము మన యెడమచేతివైపున గనబడును. పటములోని మనిషి మనకెదురుగా నిలిచినవాడు గదా! ఎక్స్‌రే చిత్రమును వైద్యులు చూచు తీరును ఇదియే. 2008లో ప్రపంచారోగ్యసంస్థ వెలువరించిన శస్త్రచికిత్సా జాబితాయందు, కోతకు ముందే చోటునకు గుర్తు పెట్టబడినదా యని విచారించు ప్రశ్న చేర్చబడినది. పెద్ద వైద్యశాలలకే యింత జాగ్రత్త వలసినపుడు మనకు వలదా?

కావున మీలో నెవరైన రోగికై చీటి వ్రాయవలసివచ్చినచో, ఆతని చేయి ఆతని నొప్పిపైనే పెట్టించి, అది ఆతడు అన్నము దిను చేతివైపో కాదో యడిగి, "రోగియొక్క కుడి" లేక "రోగియొక్క ఎడమ" యని వ్రాయుడు. ఆ యొక్కమాట నాడు నేను వ్రాయనైతిని.