కట్టుడు పళ్ల మీద పసుపు మరక

పిల్లల ఉద్యోగాల కోసం ఊరొదిలి హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్లకు వచ్చిన పెద్దవాళ్లు తిండి అలవాట్లను వెంటే తెచ్చుకుంటారు. పప్పులో పసుపు, పూటపూటా చాయ్, కొందరికి భోజనమయ్యాక తమలపాకూ వక్కా. కట్టుడు పళ్లున్నవాళ్లకు కొన్నాళ్లలోనే సెట్టు రంగు మారుతుంది. మందుల షాపులో సెట్టును శుభ్రం చేసే బిళ్లలు కొని, ఒకటి నీళ్లలో వేసి, బుడగలు ఆగాక చూస్తే పాత మరక అలాగే ఉంటుంది. బిళ్ల నకిలీదని అనుకోనక్కర్లేదు.

సెట్టుకు వాడే అక్రిలిక్, అంటే పాలీమిథైల్ మెథాక్రిలేట్, 1930ల చివర్లో రబ్బరు సెట్ల స్థానంలోకి వచ్చింది. చూడ్డానికి నున్నగా ఉన్నా అది కొద్దికొద్దిగా నీటిని పీల్చుకుంటుంది. పైన గీతలుంటే రంగు వాటిలో దిగబడుతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి కడిగినంత మాత్రాన పోదు. పులుసు పోసి ఉంచిన ప్లాస్టిక్ డబ్బాను తోమినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

బిళ్లలో సోడా, సిట్రిక్ ఆమ్లం కలిసి బుడగలు పుట్టిస్తాయి. పెర్బొరేట్, పెర్కార్బొనేట్ లాంటివి ఆక్సిజన్‌ను వదిలి రంగును విరగ్గొడతాయి. ఈ పనంతా పైపైనే జరుగుతుంది. అందుకే నిన్నటి చాయ్ మరక పోతుంది, ఆరు నెలల పసుపు పోదు. రోజూ మెత్తటి బ్రష్షుతో, మామూలు సబ్బుతో తోమి, ఆ తర్వాత బిళ్ల వేసిన నీళ్లలో నానబెడితేనే ఫలితం. టూత్‌పేస్టు వద్దు, అది గీతలు పెడుతుంది. మరుగుతున్న నీళ్లూ వద్దు, సెట్టు వంకరపోతుంది.

బ్లీచింగ్ ద్రావణం మరకను గట్టిగానే లాగుతుంది. కానీ గులాబీ రంగు చిగురు తెల్లబడుతుంది, లోహపు క్లిప్పులు చెడతాయి. పది నిమిషాలకు మించి ఉంచొద్దని అమెరికా కట్టుడు పళ్ల నిపుణుల (ప్రోస్థోడాంటిస్టుల) 2011 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మరక కంటే నాకు ఎక్కువ భయం కంటికి కనిపించని జిగురు పొర. క్యాండిడా శిలీంధ్రం దాంట్లోనే పెరిగి అంగిలిని ఎర్రగా మండిస్తుంది. సెట్టు తెల్లగా మెరిసినా ఆ పొర ఉండొచ్చు. ఇంకో మాట: ఈ బిళ్లలను మింగే మందు బిళ్లలతో కలిపి పెట్టకండి. నానబెట్టిన సెట్టును బాగా కడిగాకే నోట్లో పెట్టుకోవాలి.

గార కట్టిన సెట్టును ఇంట్లో చాకుతో గీకొద్దు. దగ్గర్లోని క్లినిక్‌లోనో, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలలోనో చూపిస్తే శుభ్రం చేసి పాలిష్ పెడతారు. అప్పటికీ పోని రంగు అక్రిలిక్ లోపలికి దిగినట్టే, దానికోసం బ్లీచింగ్ మోతాదు పెంచకండి.