నూనె తాగినా తగ్గారు, నూనె మానినా తగ్గారు

ఒకాయన నూనె, ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. ఇంకొకాయన కొబ్బరినూనె తాగమన్నారు. మూడో ఆయన కొర్రలూ అరికెలూ వండుకోమన్నారు. మంతెన సత్యనారాయణరాజు, వీరమాచనేని రామకృష్ణ, ఖాదర్ వలీ. ఈ ముగ్గురి మాట విని ఒళ్లు తగ్గినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్లినా కనిపిస్తారు. తగ్గి, మళ్లీ పెరిగినవాళ్లూ కనిపిస్తారు. కాకపోతే తగ్గినప్పుడు ఊరంతా చెప్పుకున్నవాళ్లు పెరిగాక పెళ్లిళ్లకు రావడానికి కూడా మొహమాటపడతారు. లావు గురించి మన దగ్గర చలామణీలో ఉన్న అపోహల్లో సగం ఆ మొహమాటం చుట్టూ పుట్టినవే.

"ఆ డైట్‌లో ఏదో మహిమ ఉందండి"

వీరమాచనేని పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు ఉంటాయి. అన్నం ఉండదు. మంతెన వారి పద్ధతిలో నూనె బొట్టు ఉండదు, కూరగాయలూ పళ్లూ ఎక్కువ. పైకి చూస్తే ఉత్తర దక్షిణ ధ్రువాలు. కానీ రెండింట్లోనూ కంచంలో తెల్లన్నం కుప్ప మాయమవుతుంది, రోజు మొత్తం మీద లోపలికి వెళ్లే కేలరీలు తగ్గుతాయి. తగ్గించేది అదే. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే మొదటి వారంలో పోయేది చాలావరకు నీరే. ఒంట్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. నిల్వ ఖర్చయితే ఆ నీరూ పోతుంది, అన్నం మొదలెడితే రెండూ తిరిగొస్తాయి.

షుగరున్నవాళ్లకు మాత్రం ఇది సరదా ప్రయోగం కాదు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందుల మోతాదు అలాగే ఉంచి అన్నం ఆపేస్తే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకుంటూ ఇలా అన్నం మానే కీటో డైట్ చేస్తే, షుగరు రీడింగు పెద్దగా పెరక్కపోయినా రక్తంలో ఆమ్లాలు ప్రాణం మీదికి తెచ్చేంతగా పెరగొచ్చు. డైట్ మొదలెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి, కళ్లు తిరిగాక కాదు.

"రాత్రి అన్నం మానేశానండి, టిఫినే"

మన వైపు ఇది దాదాపు వ్రతంలా పాటిస్తారు. కానీ ఇడ్లీ, దోసె బియ్యం సంతతే. చపాతీ అంటారా, గోధుమపిండి వంద గ్రాములకు 340, బియ్యం వంద గ్రాములకు 345 కేలరీలు, అటూఇటూగా. షుగరు పెరిగే వేగంలో కొంత తేడా ఉంటే ఉండొచ్చుగానీ, నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు ఓ మోస్తరు అన్నం కంటే తక్కువేమీ కావు. మినపరొట్టె సంగతి నేను ఎత్తను, అది నా బలహీనత.

"బెల్లం పూతరేకులే కదా"

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బెల్లం రకాన్ని ఆరోగ్యానికి మంచిదన్న పేరుతో కొనేవాళ్లూ పెరిగారు. వంద గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలుంటే బెల్లంలో 380 దాకా ఉంటాయి. రుచి కోసం తినండి.

"మా తాత ఇంతకు రెట్టింపు తినేవాడు"

నిజమే, తినేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాకు వరి అంటే పంట, తిండి, హోదా అన్నీ. ఆ అన్నం తిన్న మనిషి సార్వాకూ దాళ్వాకూ మోకాలి లోతు బురదలో నిలబడి ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్లు చేశాడు. ఇప్పుడు కోత మిషనొస్తే ఎకరం ఓ పూటలో తేలిపోతుంది, రైతు గట్టు మీద బండి స్టాండేసి ఫోనులో రేటు మాట్లాడుకుంటాడు. కంచం మాత్రం తాతదే ఉండిపోయింది.

అయితే పొద్దున్నే గోదావరి ఒడ్డున పుష్కర్ ఘాట్ వైపు నడిచేవాళ్లు కూడా "నడుస్తున్నా తగ్గట్లేదు" అంటుంటారు. అరగంట చురుకైన నడకకు ఖర్చయ్యేది 120, 150 కేలరీలు. దారిలో తినే ఉప్మా పెసరట్టు అంతకు రెట్టింపు పైమాటే. నడక బరువు తగ్గించే పనిలో బలహీనమే కానీ రక్తపోటుకు, షుగరుకు, నిద్రకు బాగా పనికొస్తుంది.

"మళ్లీ పెరిగాడంటే నోరు కట్టుకోలేదు"

అన్నిటికంటే అన్యాయమైన మాట ఇది. అమెరికాలో బరువు తగ్గే పోటీగా నడిచిన ఓ టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆ ఫలితం 2016లో వచ్చింది. అంతకుముందు 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు పది వారాలు డైట్ చేసినవారిని గమనిస్తే, ఏడాది గడిచాక కూడా ఆకలి హార్మోన్లు ఇంకా "తిను, తిను" అనే స్థితిలోనే ఉన్నాయి. ఒంటికి మన పెళ్లి ఫొటోతో పనిలేదు. తగ్గిన బరువును అది కరువు కిందే లెక్కేసుకుని, ఖర్చు బిగబట్టి ఆకలి పెంచుతుంది.

బరువు పెరగడం వెనక మందులూ ఉంటాయి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు బరువు పెంచుతాయి. మోకాళ్ల నొప్పికి ఇంజక్షనో, పేరులేని పొడో తీసుకుంటూ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే అందులో ఏముందో కనుక్కోవాలి. అలాగని మనంతట మనం మానకూడదు, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రమాదం.

థైరాయిడ్‌ను మాత్రం అవసరానికి మించి నిందిస్తాం. అది మందగిస్తే సాధారణంగా పెరిగేది రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఉప్పూ నీరే ఎక్కువ. మాత్రను కాఫీతో మింగేసి "మందు పనిచేయట్లేదు" అనేవాళ్లున్నారు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంటో గంటో ఆగాలి.

2025 మార్చిలో మౌంజారో మన దేశానికి వచ్చాక బరువు తగ్గించే ఇంజక్షన్ల మాటా మొదలైంది. పనిచేస్తాయి. ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే అది కూడా.

"బక్కపల్చటివాడికి షుగరేంటి?"

ఉభయగోదావరి పల్లెల్లోనే దీనికి జవాబుంది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరిట 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉంది, వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. అదే బృందం 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులే. ఇదేమీ పట్నం ముచ్చట కాదు.

మరి బక్కపల్చగా కనిపించేవాళ్లకు ఎందుకు? పుణెకు చెందిన డాక్టర్ యాజ్నిక్, తనంత బీఎంఐయే (ఎత్తుకు బరువు లెక్క) ఉన్న బ్రిటిష్ శాస్త్రవేత్త యడ్కిన్‌తో కలిసి 2004లో ఓ ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్‌లో 21.2. మనవాళ్లకు బొజ్జలో దాగే కొవ్వు ఎక్కువ. అందుకే మనకు బీఎంఐ హద్దు 25 కాదు, 23. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

"ఇరవై కిలోలు తగ్గకపోతే దండగ"

మధుమేహం అంచున ఉన్న 531 మందిని చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం సుమారు మూడేళ్లు గమనించింది. తిండి, నడక మార్చుకున్నవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. 2006లో వెలువడిన ఆ నివేదికలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది: వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా మారనే లేదు. కాటా ముల్లు కదలకపోయినా లోపల పని జరిగింది. ఈ నెల కాటా ఎక్కి నిట్టూర్చినవాళ్లు ఆ పక్కనే బీపీ చూపించుకుని, మూడు నెలల సగటు షుగరు పరీక్ష ఫలితాన్ని కిందటిసారి కాగితంతో పోల్చి చూసుకోవచ్చు.