జీవకణమునకు ఆశ్రయము

మన శరీరము లెక్కకు మిక్కిలియైన జీవకణముల కూడిక యని మీరు వినియే యుందురు. ఆహారమున్న కణము బ్రతుకును, లేనిది మరణించును అని మనము సహజముగా తలంతుము. అది సగము నిజము మాత్రమే. ఆహారము సమృద్ధిగా నున్నను, తాను నిలిచిన చోటు తప్పినయెడల అనేక కణములు తమంత తామే మరణించును. ఈ వింతను గూర్చియు, దీనికిని కాన్సరు వ్యాధికిని గల సంబంధమును గూర్చియు నేను నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ఆ చోటెట్టిదో చూతము. గోడలో ఇటుకల నడుమ సున్నమున్నట్లు, కణముల నడుమను, క్రిందను ఒక పదార్థము వ్యాపించియున్నది. దానిని కణములే నిర్మించుకొనును. మనము దానిని కణాధారము అందము. ఇందు ముఖ్యమైనది కొల్లాజెను అను మాంసకృత్తు. తోలునకును ఎముకకును బలమిచ్చునది ఇదియే. మూడు పోగులు పేనిన త్రాటివలె నుండు దీని నిర్మాణమును గూర్చి మదరాసు విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు 1954, 1955 సంవత్సరములలో తమ పరిశోధనలను ప్రకటించిరి. కొల్లాజెను చక్కగా ఏర్పడుటకు సి విటమిను కావలెను. పూర్వము తాజా పండ్లును కూరలును లేక నెలల తరబడి ఓడలలో ప్రయాణించిన నావికులకు చిగుళ్లు వాచి నెత్తురు కారుటకును, మానిన గాయములు మరల విచ్చుకొనుటకును ఈ లోపమే కారణము.

అయితే ఒక భేదము కలదు. సున్నము ఇటుకను పట్టియుంచుటయే గాని దానికేమియు తెలుపదు. కణాధారమో, తనను అంటియున్న కణమునకు నిరంతరము వార్త నందించుచుండును. కణపు పైపొరయందు ఇంటెగ్రినులు అను కొక్కెములవంటి మాంసకృత్తులు గలవు. వాని ఒక కొన వెలుపలి ఆధారమును పట్టుకొనియుండును; రెండవ కొన కణములోపల నుండును. పట్టు నిలిచినంతకాలము, బ్రతుకుమను సంకేతము లోపలికి పోవుచుండును. పట్టు వీడినచో ఆ సంకేతము ఆగును. అంతట కణములోనే అణగియున్న మరణవిధానము మేల్కొనును. కణము ముడుచుకొని తునుకలగును. ఆ తునుకలను ఇరుగుపొరుగు కణములు మ్రింగివేయును. ఇందు వాపు గాని చీము గాని కానరాదు. ఇట్టి క్రమమైన మరణమునకు 1972లో కెర్, విల్లీ, కర్రీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అను పేరు పెట్టిరి. చెట్టునుండి ఆకు రాలుట యని ఆ గ్రీకుమాటకు భావము.

ఆధారము వీడుటయే మరణకారణమని 1994లో అమెరికా శాస్త్రజ్ఞులైన ఫ్రిష్, ఫ్రాన్సిస్ నిరూపించిరి. వారు కుక్క మూత్రపిండమునుండి వచ్చిన కణములను దేనికిని అంటుకొననీయక పోషకద్రవములో నుంచిరి. మడినుండి పెరికి గట్టుపై వేసిన నారు వాడుట నీరు లేకనే. ఈ కణములట్లు కావు. ఆహారము చుట్టును ఉండగనే మరణించినవి. ఈ మరణమునకు వారు అనోయికిస్ అని పేరిడిరి. ఇల్లు లేకుండుట యని దాని అర్థము.

1997లో చెన్, ఇంగ్బర్, వైట్‌సైడ్స్ మొదలగువారు మరియొక పరీక్ష చేసిరి. ఆధారపదార్థమును చిన్నవియు పెద్దవియునగు మచ్చలుగా నద్ది, వానిపై రక్తనాళపు కణములను నిలిపిరి. పెద్దమచ్చపై చక్కగా పరచుకొనిన కణము బ్రతికెను. ఇరుకుమచ్చపై గుండ్రముగా ముడుచుకొనినది మరణించెను. కావున చోటు దొరకిన చాలదు, కాలు చాచుకొను వీలు గూడ కావలెనని తేలినది.

ప్రకృతి ఈ కఠిననియమము నేల పెట్టినది? శరీరములో నొకచోటి కణము మరియొకచోట మొలకెత్తకుండుటకే. మన చిన్నప్రేగు లోపలిపొరలోని కణములు కొలది దినములకే పాతబడి రాలిపోవును. అవి వేరొకచోట పాతుకొనరాదు. పిల్లలు పాలు మానిన పిదప తల్లి చుంచెలుక పాలగ్రంథిలో ఆధారము కరగుటయు, పాలకణములు మరణించుటయు పరిశోధకులు చూచియున్నారు. అక్కర తీరిన కణము ఇట్లు తొలగుచున్నది.

నెత్తుటిలోని కణములు తేలుచునే బ్రతుకుచున్నవి గదా యని మీరడుగవచ్చును. నిజమే. వాని పని సంచారము. అందులకు తగినట్లే అవి యేర్పడినవి. నేను చెప్పునది చర్మము, ప్రేగు, రొమ్ము మొదలగువానిలో పొరలుగా నిలిచియుండు కణములను గూర్చి.

ఇక కాన్సరు మాట. మన పెద్దలు రాచపుండు అనెడి ఈ వ్యాధిలో కణములు మితిలేక పెరుగుటయే గాక, ఆధారము లేకయు బ్రతుకుట నేర్చుకొనును. ఇల్లు విడిచిన కణము మరణింపవలెనను కట్టుబాటు వానిపై పనిచేయదు. అవి క్రిందిపొరను ఛేదించుకొని, నెత్తుటిలో బడి, ఊపిరితిత్తులలోనో, కాలేయములోనో, ఎముకలలోనో స్థిరపడును. కాన్సరు మరణములలో అధికభాగమునకు ఈ వ్యాపనమే కారణము.

కనుకనే కాలము విలువైనది. వ్యాధి పుట్టినచోటనే యుండగా శస్త్రచికిత్సతో తొలగించుట తరచుగా సాధ్యము. వ్యాపించిన పిదప చికిత్స మిక్కిలి కష్టము. రొమ్ములో నొప్పిలేని గడ్డ, నోటిలో మూడువారములు గడచినను మానని పుండు, ముట్లుడిగిన స్త్రీకి మరల కనబడు నెత్తురు — వీనిని నొప్పి లేదను ధైర్యముతో ఉపేక్షింపరాదు. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలోనుంచి చుట్ట కాల్చు స్త్రీలకు అంగిటిలో కాన్సరు వచ్చుట వైద్యులెరిగినదే.

గ్రామములో మీ మాటకు విలువ కలదు. సిగ్గుచేతనో భయముచేతనో గడ్డను దాచుకొనినవారు మీ యింటనో, పొరుగింటనో ఉండవచ్చును. వ్యాధి పుట్టినచోటు విడువకముందే వారిని వైద్యునికడకు పంపుడని నా ప్రార్థన.