తూటా తగిలిన తరువాత

బొమ్మల కథలంటే పిల్లల కాలక్షేపమని నమ్మే పెద్దలు “ది కిల్లింగ్ జోక్” తెరిస్తే తడబడక తప్పదు. 1988లో అమెరికాలోని డి.సి. సంస్థ ప్రచురించిన ఈ బ్యాట్‌మన్ గ్రాఫిక్ నవల యాభై పుటలకు మించదు. రచయిత అలన్ మూర్, చిత్రకారుడు బ్రయన్ బోలండ్, ఇద్దరూ ఆంగ్లేయులే.

ప్రతినాయకుడు జోకర్‌కు ఒక సిద్ధాంతముంది: ఎంతటి వివేకికైనా మతి చలించడానికి ఒక్క దుర్దినం చాలు! అతని గతాన్ని మూర్ జాలి కలిగేటట్లు చిత్రిస్తాడు. నవ్వించబోయి నవ్వులపాలైన హాస్యనటుడు, గర్భవతి అయిన భార్య, ఇల్లు గడవక దొంగలతో పొత్తు, అదే రోజున భార్య మరణవార్త. ఆ రాత్రి రసాయనాల నీటిలో పడి లేచేసరికి తెల్లగా పాలిపోయిన ముఖం, పిచ్చినవ్వు. అయితే ఈ గతం నిజమో కాదో జోకర్‌కే రూఢిగా తెలియదు. మూర్ గడుసుతనమంతా ఇక్కడే ఉంది. పాఠకుడు పూర్తిగా జాలిపడనూ లేడు, మానుకోనూ లేడు.

సిద్ధాంతాన్ని రుజువు చేయడానికి జోకర్ పోలీసు కమిషనర్ గోర్డన్ ఇంటికి వస్తాడు. తలుపు తీసిన కుమార్తె బార్బరాను కాల్చి, ఆమె దురవస్థను ఫొటోలు తీసి తండ్రికి చూపిస్తాడు. గోర్డన్ మతి చలించదు. వాణ్ణి చట్టప్రకారమే పట్టుకోవాలని బ్యాట్‌మన్‌ను ఆదేశిస్తాడు.

మరి బార్బరా? 1967 నుంచి పాఠకులు బ్యాట్‌గర్ల్‌గా ఎరిగిన ఆ గ్రంథాలయోద్యోగిని వెన్నెముక దెబ్బతిని నడకను కోల్పోయింది. కాల్చినవాడి మనసును తవ్వి చూపిన కథ ఆమెకు మిగిల్చినది ఆస్పత్రి మంచం, కొన్ని బొమ్మలు. అక్కడా ఆమె బెంగ తండ్రిని గురించే. మనసులోని చీకటిని చిత్రించే కథలను తరచు పట్టే జాడ్యమిది. మూర్ సైతం తరువాతి కాలంలో ఈ రచన పట్ల అసంతృప్తి వెల్లడించాడు.

ఆమెను అలా వదిలివేయడానికి కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే రచయిత దంపతులకు మనసొప్పలేదు. 1989లో “సూసైడ్ స్క్వాడ్” కథలలో వారు ఒరాకిల్ అనే అజ్ఞాత వ్యక్తిని ప్రవేశపెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని వీరులకు సమాచారం అందించే ఆ వ్యక్తి బార్బరాయే! 1996లో వారే రాసిన మరో కథ ఆమె కుంగుబాటును, కోపాన్ని, చక్రాల కుర్చీలోనే పోరు నేర్చుకున్న తీరును చెప్పింది. తనను కాల్చడానికి కారణం తాను కాదు, తండ్రి; ఆమెను ఎక్కువగా దహించినది ఈ సంగతే.

2011లో డి.సి. తన కథలను కొత్తగా ఆరంభించినప్పుడు బార్బరా మళ్ళీ నడిచింది, బ్యాట్‌గర్ల్ అయింది. చక్రాల కుర్చీలో తిరిగే పాఠకులలో కొందరికి అది శుభవార్త కాలేదు. తమను పోలిన వీరనారి ఈ కథలలో అరుదు; ఆమెనూ తీసుకుపోయారని వారు నొచ్చుకున్నారు.